రాష్ట్రపతి భవన్‌కు చేరిన బడిపంతులు

డాక్టర్ జాకిర్ హుసేన్ పేరు చెప్పగానే స్వతంత్ర భారతదేశపు తొలి ముస్లిం రాష్ట్రపతి అని అందరూ గుర్తుచేసుకుంటారు. ఆయన మాత్రం తనను తాను జీవితాంతం ఒక ఉపాధ్యాయుడిగానే భావించుకున్నారు. గవర్నర్, ఉపరాష్ట్రపతి, రాష్ట్రపతి పదవులు ఆయన్ను వెతుక్కుంటూ వచ్చాయి. ఉపాధ్యాయ వృత్తిని మాత్రం ఆయనే కోరి ఎంచుకున్నారు. యౌవనమంతా దానికే ధారపోశారు.

ఆయన 1897 ఫిబ్రవరి 8న మన హైదరాబాద్‌లోనే జన్మించారు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలు కూడా ఆ రోజుల్లో నిజాం రాజ్యంలోనివే. తండ్రి ఫిదా హుసేన్ ఖాన్ ఉత్తరాదిలోని ఖాయంగంజ్ నుంచి వచ్చి హైదరాబాద్‌లో న్యాయవాదిగా స్థిరపడ్డారు. జాకిర్ హుసేన్‌కు పదేళ్ళ వయసులో తండ్రి చనిపోయారు. కుటుంబం తిరిగి ఖాయంగంజ్ చేరింది. 1911లో ప్లేగు వ్యాధి తల్లిని కూడా తీసుకుపోయింది. పద్నాలుగేళ్ళకే ఆ పిల్లవాడు తల్లీతండ్రీ లేనివాడయ్యాడు. ఇటావాలోని ఇస్లామియా హైస్కూలు ఆయన్ను అక్కున చేర్చుకుంది. ఒక మంచి పాఠశాల, మంచి గురువులు అనాథ బాలుణ్ణి ఎంతవాణ్ణి చేయగలరో ఆయన తన అనుభవంలోనే తెలుసుకున్నారు.

పై చదువులకు అలీగఢ్ కళాశాలలో చేరారు. 1920లో సహాయ నిరాకరణోద్యమం దేశాన్ని కుదిపేసింది. బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో నడిచే విద్యాలయాలను వదిలి రమ్మని గాంధీజీ, అలీ సోదరులు విద్యార్థులను కోరారు. 23 ఏళ్ళ జాకిర్ హుసేన్ ముందు సుఖమైన ఉద్యోగానికి దారి తెరిచే ఉంది. దాన్ని కాదని ఆయన బయటికి వచ్చారు. 1920 అక్టోబరు 29న అలీగఢ్‌లో జామియా మిల్లియా ఇస్లామియా పేరుతో ఒక జాతీయ విద్యాలయం ప్రారంభమైంది. దాని స్థాపకుల్లో ఆయన ఒకరు.

1922లో ఆయన జర్మనీ వెళ్ళి బెర్లిన్ విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్రం చదివారు. భారతదేశ వ్యవసాయంపై పరిశోధించి డాక్టరేట్ పొందారు. ఈలోగా ఇక్కడ జామియా కష్టాల్లో పడింది. ఖిలాఫత్ ఉద్యమం చల్లారడంతో విరాళాలు నిలిచిపోయాయి. 1925లో విద్యాలయాన్ని ఢిల్లీలోని కరోల్‌బాగ్‌కు మార్చినా దాన్ని మూసేయాలన్న మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. ఈ కబురు తెలిసి ఆయన, మిత్రులు ఆబిద్ హుసేన్, ముహమ్మద్ ముజీబ్ తమ జీవితాలను జామియాకు అంకితం చేస్తామని బెర్లిన్ నుంచే మాటిచ్చారు. ఆ మాట నిలబెట్టుకున్నారు కూడా. 1926లో తిరిగివచ్చిన జాకిర్ హుసేన్ 29 ఏళ్ళ వయసులో జామియా బాధ్యతలు చేపట్టి, 1948 వరకు 22 ఏళ్ళపాటు మోశారు.

ఆ బాధ్యత పూలపాన్పు కాదు. జామియాకు పెద్దదిక్కుగా ఉన్న హకీం అజ్మల్ ఖాన్ 1927 డిసెంబరులో కన్నుమూయడంతో ఆర్థికంగా పరిస్థితి మరింత దిగజారింది. 1928లో అక్కడి ఉపాధ్యాయులు ఒక ప్రతిజ్ఞ చేశారు. 20 ఏళ్ళపాటు సంస్థను వదలబోమని, నెలకు 150 రూపాయలకు మించి జీతం తీసుకోబోమని ఒట్టు పెట్టుకున్నారు. జర్మనీలో డాక్టరేట్ చేసిన వారు కూడా ఆ ప్రతిజ్ఞలో ఉన్నారు. అంత తక్కువ జీతం సైతం సమయానికి అందని నెలలు ఎన్నో. త్యాగం చేసింది ఆ ఉపాధ్యాయులొక్కరే కాదు. చాలీచాలని డబ్బుతో ఇల్లు నడిపిన వారి భార్యలు, కొత్త బట్టలు లేకుండానే పండుగ జరుపుకున్న వారి పిల్లలు కూడా ఆ త్యాగంలో భాగస్వాములే.

వైస్ ఛాన్సలర్ స్థానంలో ఉన్నా ఆయన మనసంతా చిన్నపిల్లల బడి మీదే ఉండేది. బూట్లు శుభ్రంగా ఉంచుకోమని ఎంత చెప్పినా పిల్లలు వినకపోతే, ఒక ఉదయం ఆయనే పాలిష్ డబ్బా, బ్రష్షు పట్టుకుని గేటు దగ్గర కూర్చున్నారని జామియా వారు చెప్పుకుంటారు. తిట్టలేదు, కొట్టలేదు. పిల్లలే సిగ్గుపడి మారారు. మరో సంఘటన గుండెను పిండేస్తుంది. ప్రాథమిక పాఠశాల పిల్లలకు ఆయన మిఠాయి పంచుతున్న వేళ, ఆయన చిన్నారి కూతురు రెహానా చనిపోయిందని ఒకరు వచ్చి చెవిలో చెప్పారు. ఆయన ముఖం పాలిపోయింది గాని చేయి ఆగలేదు. అందరికీ పంచడం పూర్తయ్యాకే ఇంటికి కదిలారు. తన దుఃఖం ఆ పసివాళ్ళ సంతోషాన్ని చెరపకూడదని ఆయన భావించారు. పిల్లల కోసం రాసిన ‘అబ్బూ ఖాన్ కీ బక్రీ’ వంటి కథలను ఆ పాప పేరుతోనే ప్రచురించారు.

1935 మార్చి 1న ఓఖ్లాలో జామియా కొత్త భవనాలకు శంకుస్థాపన జరిగింది. నాయకుల చేతనో, ధనవంతుల చేతనో కాక, విద్యాలయంలోని అందరికంటే చిన్న విద్యార్థి చేత పునాదిరాయి వేయించారు. బడి ఎవరిదో అందరికీ అర్థమయ్యేలా చెప్పిన పద్ధతి అది.

1937లో వార్ధాలో జరిగిన విద్యా మహాసభ ఆయన అధ్యక్షతన ఒక కమిటీని నియమించింది. ఏడేళ్ళ ఉచిత నిర్బంధ విద్య, మాతృభాషలో బోధన, ఒక చేతిపని ఆధారంగా చదువు ఆ కమిటీ సూచించిన పథకంలో ముఖ్యాంశాలు. నూలు వడకడం, వడ్రంగం, వ్యవసాయం వంటి పనుల ద్వారానే లెక్కలు, శాస్త్రం నేర్పాలన్నది దాని ఉద్దేశం. ముస్లిం లీగ్ ఈ పథకాన్ని తీవ్రంగా విమర్శించింది. సొంత సమాజం నుంచి వచ్చిన ఆ విమర్శలను ఆయన ఓర్పుతో భరించారు. అదే సమయంలో, సంపాదన మీద దృష్టి పెట్టి చదువును బలిపెట్టే ప్రమాదం ఉందని కమిటీ నివేదికే ముందుగా హెచ్చరించింది.

1946 నవంబరులో జామియా రజతోత్సవం జరిగేనాటికి దేశం మతకల్లోలాలతో రగిలిపోతోంది. కాంగ్రెస్, లీగ్ అగ్రనేతలను ఆయన ఒకే వేదిక మీదికి రప్పించారు. ఈ మంటలను ఆర్పమని ఒక ఉపాధ్యాయుడిగా వారిని వేడుకున్నారు. మంటలు ఆరలేదు. 1947 ఆగస్టులో కశ్మీర్ వెళుతుండగా జలంధర్ స్టేషన్‌లో అల్లరిమూకలు ఆయన్నే చంపబోయాయి. ఒక సిక్కు సైనికాధికారి, ఒక హిందూ రైల్వే ఉద్యోగి అడ్డుపడి ప్రాణాలు కాపాడారు. సోదరుల్లో ఒకరైన మహమూద్ హుసేన్ పాకిస్తాన్‌కు వెళ్ళారు. ఆయన మాత్రం ఇక్కడే ఉండిపోయారు. ఎవరి మీదా ద్వేషం పెంచుకోలేదు.

1948లో అలీగఢ్ విశ్వవిద్యాలయం బాధ్యత స్వీకరించి, విభజన తర్వాత అనుమానపు చూపుల నడుమ నలిగిన ఆ సంస్థను 1956 వరకు నడిపించారు. 1957లో బీహార్ గవర్నర్, 1962లో ఉపరాష్ట్రపతి అయ్యారు. 1963లో భారతరత్న పురస్కారం లభించింది. 1967లో మన తెలుగువారైన సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు మీద గెలిచి రాష్ట్రపతి అయ్యారు. 1969 మే 3న పదవిలో ఉండగానే కన్నుమూశారు. తాను చెమటోడ్చి నిలబెట్టిన జామియా ఆవరణలోనే ఆయన్ను ఖననం చేశారు.

దివ్య ఖుర్ఆన్ అవతరణ చదువుమన్న ఆజ్ఞతోనే మొదలైందని మనమంతా గర్వంగా చెప్పుకుంటాం. ఆ ఆజ్ఞను మన ఇళ్ళలో ఎంతవరకు పాటిస్తున్నాం? సూర్యాపేట, కోదాడ హైవే పక్కన ఉన్న మెకానిక్ షెడ్లలో, మిర్యాలగూడ రైస్ మిల్లుల చుట్టుపక్కల బడికి వెళ్ళాల్సిన వయసు పిల్లవాడు కనిపిస్తే మనలో ఎందరు ఆగి అడుగుతున్నాం? పని నేర్చుకోవడం తప్పు కాదు. పని కోసం చదువు మానిపించడం తప్పు. చేతిపనికి గౌరవం ఇచ్చిన జాకిర్ హుసేన్ దాన్ని చదువులోకి వెళ్ళే తలుపుగా చూశారు గాని చదువుకు బదులుగా చూడలేదు. ఆడపిల్లను పదో తరగతితో ఆపేసే తల్లిదండ్రులు కూడా ఈ విషయం ఆలోచించాలి.

మన ఊళ్ళలోని సర్కారు బడుల్లో జీతం కోసమే కాక పిల్లల కోసం పనిచేసే ఉపాధ్యాయులు నేటికీ ఉన్నారు. రాని పిల్లవాడి ఇంటికి నడిచి వెళ్ళేవారు, పరీక్ష ఫీజు తమ జేబు నుంచి కట్టేవారు ఉన్నారు. వారి పేర్లు పత్రికల్లో రావు. జాకిర్ హుసేన్ అసలు వారసులు వారే. ఈ జుమా నమాజు తర్వాత అలాంటి ఒక ఉస్తాద్ ఎదురైతే సలాం చెప్పి, మా పిల్లవాడు ఎలా చదువుతున్నాడని అడగండి. ఆయనకు అంతకు మించిన సన్మానం అక్కర్లేదు. విద్యాదానంలో తమ జీవితాలను కరిగించిన వారందరికీ అల్లాహ్ ఉత్తమ ప్రతిఫలాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.