నీలం సంజీవరెడ్డి

నీలం సంజీవరెడ్డి (మే 19, 1913 - జూన్ 1, 1996) భారతదేశపు ఆరవ రాష్ట్రపతి, రెండు పర్యాయాలు లోక్‌సభ స్పీకరు, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రపు మొదటి ముఖ్యమంత్రి. 1967లో హిందూపురం లోక్‌సభ నియోజకవర్గం నుండి గెలిచి మొదటిసారి స్పీకరు అయ్యాడు. ముఖ్యమంత్రి, కేంద్రమంత్రి, స్పీకరు, రాష్ట్రపతి పదవులన్నీ నిర్వహించిన నాయకులు మన దేశంలో అరుదు. ఓటు వలన కలిగే గెలుపునూ ఓటమినీ ఇంత దగ్గరగా చూసినవారు కూడా తక్కువే.

బాల్యము, విద్య

సంజీవరెడ్డి అనంతపురం జిల్లా ఇల్లూరు గ్రామంలో రైతు కుటుంబంలో జన్మించాడు. తండ్రి నీలం చిన్నపరెడ్డి. మద్రాసు సమీపంలోని అడయారు దివ్యజ్ఞాన సమాజపు పాఠశాలలోను, తరువాత అనంతపురం ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలలోను చదివాడు. 1929లో గాంధీజీ అనంతపురం వచ్చాడు. ఆ ప్రభావంతో ఈయన ఖద్దరు ధరించి, 1931లో చదువు మాని జాతీయోద్యమంలో చేరాడు. ఆ రోజుల్లో కళాశాల విద్యార్థికి ఓటు ఉండేది కాదు, సత్యాగ్రహమే అతనికి దొరికిన రాజకీయ ద్వారం. 1938లో ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు కార్యదర్శి అయ్యాడు. 1940 నుండి 1945 వరకు ఎక్కువ కాలం జైళ్ళలోనే గడిపాడు. అమరావతి జైలులో ప్రకాశం, కామరాజ్ వంటి పెద్దల సహవాసం లభించింది.

1935లో నాగరత్నమ్మతో వివాహం జరిగింది. కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి ఆమె సోదరుడు.

రెండు ఎన్నికలు

1946లో సంజీవరెడ్డి మద్రాసు శాసనసభకు ఎన్నికయ్యాడు. అప్పటి చట్టం ప్రకారం ఆస్తి, పన్ను, చదువు వంటి అర్హతలు ఉన్నవారికే ఓటు ఉండేది. కూలీలు, కౌలుదారులు, స్త్రీలలో అత్యధికులు ఓటర్ల జాబితాలో లేరు. ఈయన రాజ్యాంగసభలో కూడా సభ్యుడు. వయోజనులందరికీ ఓటుహక్కు ఇచ్చిన రాజ్యాంగాన్ని ఆమోదించింది ఆ సభే. 1949 నుండి 1951 వరకు మద్రాసు రాష్ట్ర మంత్రిగా పనిచేసి, 1951లో ఎన్.జి.రంగాను ఓడించి రాష్ట్ర కాంగ్రెసు అధ్యక్షుడయ్యాడు.

ఆ ఓటుహక్కుతో మొదటి సార్వత్రిక ఎన్నికలు 1952లో జరిగాయి. రాష్ట్ర కాంగ్రెసుకు అధ్యక్షుడై ఉండి కూడా సంజీవరెడ్డి అనంతపురంలో బావమరిది నాగిరెడ్డి చేతిలో ఓడిపోయాడు. దీనిని కుటుంబ పోటీగా చెప్పుకోవడం ఇప్పటికీ జిల్లాలో ఉంది గాని, మొదటిసారి ఓటు పొందిన పేదలు ఎటు మొగ్గారన్నదే ఇక్కడ గమనించవలసిన విషయం.

ఆ తరువాత రాజ్యసభకు వెళ్ళి, 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడగానే ప్రకాశం మంత్రివర్గంలో ఉపముఖ్యమంత్రిగా తిరిగివచ్చాడు. 1955లో కాళహస్తి నుండి శాసనసభకు గెలిచాడు.

ముఖ్యమంత్రిగా

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించినప్పుడు 43 ఏళ్ళ వయసులో ముఖ్యమంత్రి అయ్యాడు. బల్వంతరాయ్ మెహతా కమిటీ 1957లో చేసిన సిఫార్సులను రాజస్థాన్ తరువాత అమలులో పెట్టిన రాష్ట్రం ఆంధ్రప్రదేశే. 1959 నవంబరు 1 నుండి పంచాయితీ సమితులు, జిల్లా పరిషత్తులు పనిచేయసాగాయి. స్త్రీలను, షెడ్యూల్డు కులాలవారిని సమితులలోకి కో-ఆప్షను ద్వారా తీసుకోవాలని ఆ కమిటీ సూచించింది. ఎన్నికతో కాక పెద్దల ఎంపికతో వచ్చే స్థానం కావడంతో అది బలహీనమైన ఏర్పాటు. స్థానిక సంస్థలలో ఎన్నిక ద్వారా మూడోవంతు స్థానాలు స్త్రీలకు దక్కాలని 73వ రాజ్యాంగ సవరణ నిర్దేశించింది 1993లో మాత్రమే.

1960 నుండి 1962 వరకు అఖిల భారత కాంగ్రెసు అధ్యక్షుడిగా ఉండి, 1962లో మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యాడు. కర్నూలు జిల్లా బస్సు మార్గాల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు వ్యాఖ్యల దరిమిలా 1964 ఫిబ్రవరిలో పదవికి రాజీనామా చేశాడు. తరువాత శాస్త్రి, ఇందిరాగాంధీ మంత్రివర్గాలలో పనిచేశాడు.

హిందూపురం సభ్యుడు, స్పీకరు

హిందూపురం, విజయనగర రాజుల రెండవ రాజధాని అయిన పెనుకొండ, పట్టుచీరల నేతకు పేరొందిన ధర్మవరం - ఈ మూడూ నేడు హిందూపురం లోక్‌సభ నియోజకవర్గంలోని శాసనసభ స్థానాలు. 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. తరచు కరువు బారిన పడే ఈ సీమ 1967లో సంజీవరెడ్డిని ఢిల్లీకి పంపింది.

ఆ ఏడాది మార్చి 17న స్పీకరు పదవికి పోటీ జరిగింది. ప్రతిపక్షాల అభ్యర్థి విశాఖపట్నం సభ్యుడు తెన్నేటి విశ్వనాథం. సంజీవరెడ్డికి 278, విశ్వనాథానికి 207 ఓట్లు వచ్చాయి. అంటే పోటీపడిన ఇద్దరూ తెలుగువారే. గెలిచిన వెంటనే సంజీవరెడ్డి తన 34 ఏళ్ళ కాంగ్రెసు సభ్యత్వాన్ని వదులుకున్నాడు. స్పీకరు అన్ని పక్షాలవాడని చూపడానికి ఇది మంచి ఆచారమే గాని, తరువాతి స్పీకర్లు సాధారణంగా దీనిని పాటించలేదు. రాష్ట్రపతి ప్రసంగం జరిగిన రోజునే అవిశ్వాస తీర్మానాన్ని చేపట్టనిచ్చాడు. షెడ్యూల్డు కులాలు, తెగల సంక్షేమంపై పార్లమెంటరీ కమిటీ ఏర్పడింది ఈయన కాలంలోనే, 1968లో.

1969లో పూరీ శంకరాచార్య అంటరానితనాన్ని సమర్థిస్తూ మాట్లాడాడని లోక్‌సభలో తీవ్రమైన చర్చ జరిగింది. శంకరాచార్య అనుయాయులు స్పీకరుతో సహా కొందరు సభ్యులపై పరువునష్టం దావా వేశారు. సభలో పలికిన ఏ మాటకైనా సభ్యుడిని న్యాయస్థానానికి ఈడ్చరాదని 1970లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అంటరానితనంపై సభలో నిర్భయంగా మాట్లాడే హక్కు ఆ తీర్పుతో స్థిరపడింది. రాజనీతిశాస్త్ర విద్యార్థులు చదవవలసిన కేసు ఇది.

1969 రాష్ట్రపతి ఎన్నిక

జాకిర్ హుసేన్ మరణానంతరం సంజీవరెడ్డిని కాంగ్రెసు తన అభ్యర్థిగా నిలిపింది. జూలై 19న స్పీకరు పదవికి రాజీనామా చేశాడు. ఇందిరాగాంధీ మనస్సాక్షి ప్రకారం ఓటు వేయమని కోరడంతో కాంగ్రెసు ఓట్లు చీలి, వి.వి.గిరి గెలిచాడు. రెండవ ప్రాధాన్యతా ఓట్లు కూడా లెక్కించిన పిదప గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 విలువైన ఓట్లు వచ్చాయి. ఆ సంవత్సరమే కాంగ్రెసు చీలింది. శాసనసభలపై నమ్మకం పోయిందంటూ నాగిరెడ్డి శాసనసభ సభ్యత్వం వదులుకున్నది కూడా 1969లోనే. సంజీవరెడ్డి అనంతపురం వచ్చి వ్యవసాయంలో పడ్డాడు.

రాష్ట్రపతిగా

1977లో జనతా పార్టీ తరఫున నంద్యాలలో గెలిచాడు. రాష్ట్రంలోని 42 స్థానాలలో కాంగ్రెసుకు దక్కనిది అదొక్కటే. మళ్ళీ స్పీకరై, కొన్ని నెలలకే పోటీ లేకుండా రాష్ట్రపతిగా ఎన్నికై, జూలై 25న ప్రమాణ స్వీకారం చేశాడు. 2022లో ద్రౌపది ముర్ము పదవి చేపట్టేవరకు అందరికంటే చిన్న వయసులో రాష్ట్రపతి అయినది ఈయనే.

1979 జూలైలో మొరార్జీ దేశాయి రాజీనామా చేయగా చరణ్‌సింగ్‌ను ప్రధానిగా నియమించాడు. ఆగస్టు 20న చరణ్‌సింగ్ సభను ఎదుర్కోకుండానే రాజీనామా ఇచ్చాడు. జనతా పార్టీ నాయకుడు జగ్జీవన్‌రామ్ తనకు అవకాశమివ్వాలని కోరాడు. రాష్ట్రపతి ఆయనను పిలవకుండా ఆగస్టు 22న లోక్‌సభను రద్దు చేశాడు. ఒక దళితుడు ప్రధాని కాగల సందర్భం అలా తప్పిపోయిందని విమర్శకులు అంటారు. ఎవరికీ స్థిరమైన మెజారిటీ లేనప్పుడు ప్రజల వద్దకే వెళ్ళడం సరి అని సమర్థకుల వాదం. అయినా బలాన్ని సభలోనే తేల్చుకొమ్మని చరణ్‌సింగ్‌కు గడువిచ్చిన రాష్ట్రపతి, అదే అవకాశం జగ్జీవన్‌రామ్‌కు ఎందుకివ్వలేదన్న ప్రశ్నకు తృప్తికరమైన సమాధానం చెప్పడం కష్టం.

చివరి రోజులు

1982 జూలై 25న పదవీ విరమణ చేసి అనంతపురం చేరాడు. 1989లో ఆంగ్లంలో తన స్మృతులు ప్రచురించాడు. 1996 జూన్ 1న బెంగుళూరులో మరణించాడు. శ్రీశైలం జలాశయానికి నీలం సంజీవరెడ్డి సాగర్ అని పేరు పెట్టారు.