తెగులు దినములలో మార్టిన్ లూథరు

ధ్యానభాగములు: యోహాను 10:11-15, ఫిలిప్పీయులకు 2:25-30, మత్తయి 4:5-7

2020వ సంవత్సరపు మార్చి నెల మన సంఘస్థులకు ఇంకను జ్ఞాపకముండియేయుండును. ఆ నెల 2వ తేదీన తెలంగాణములో కరోనా వ్యాధి సోకిన మొదటి రోగి యున్నట్లు ప్రకటింపబడెను. 4వ తేదీన హైటెక్ సిటీలోని మైండ్‌స్పేస్ ఆవరణలో ఒక ఉద్యోగికి ఆ వ్యాధి యుండవచ్చునను అనుమానము కలుగగా, ఆ భవనములో పనిచేయువారందరును తమ సంచులను కంప్యూటర్లను చేతబట్టుకొని ఇండ్లకు వెడలిపోయిరి. తరువాత పరీక్షలో ఆ ఉద్యోగికి వ్యాధి లేదని తేలినది. అయినను నెల ముగియకముందే మాదాపూరు, గచ్చిబౌలి, కొండాపూరు వీధులన్నియు నిర్మానుష్యములాయెను. హాస్టళ్లలోని యువతీయువకులను కొన్నిచోట్ల ఖాళీ చేయుమనగా, వారు స్వగ్రామములకు పోవుటకు అనుమతి పత్రములు కోరుచు పోలీసు ఠాణాల యెదుట బారులు తీరిరి. గచ్చిబౌలి క్రీడాప్రాంగణములోని ఎత్తైన భవనము ఆసుపత్రిగా మార్చబడెను.

ఆ దినములలో మనలో ప్రతివాని యెదుట ఒక ప్రశ్న నిలిచెను. ఊరికి పోయినయెడల ముసలి తలిదండ్రులకు తోడుగా నుందుము; కాని మనతోకూడ వ్యాధియు పోవునేమో. రోగిని చూడబోవుట ప్రేమ. కాని అక్కడినుండి వచ్చి ఇంటిలోని అవ్వను తాకుట ప్రేమయగునా? పనిమనిషిని రావద్దనినయెడల ఆమె పిల్లలు పస్తులుందురు. రమ్మనినయెడల ఆమెకును అపాయము, మన ఇంటివారికిని అపాయము. ఈ ప్రశ్నలకు మనవారిలో కొందరు విశ్వాసము పేరట ఒక జవాబును, మరికొందరు జ్ఞానము పేరట మరియొక జవాబును చెప్పి, ఒకరినొకరు నొప్పించుకొనిరి. దాదాపు అయిదువందల సంవత్సరముల క్రిందట ఇదే ప్రశ్నను ఎదుర్కొన్న యొక దైవజనుని జీవితమును ఈ నెల మనము ధ్యానింతము.

మార్టిన్ లూథరు పేరు తెలుగు క్రైస్తవులకు క్రొత్తది కాదు. 1842లో హెయర్ అయ్యగారు గుంటూరు చేరి నాటిన సంఘము, 1927లో ఆంధ్ర సువార్త లూథరన్ సంఘముగా ఏర్పడి నేటికిని ఆయన పేరు ధరించియున్నది. ఆయన 1483 నవంబరు 10న జర్మనీ దేశమందలి ఐస్లెబెన్ అను ఊరిలో జన్మించెను. 1505లో ఎర్ఫర్టు పట్టణములో మఠమున చేరి సన్యాసియాయెను. 1512లో వేదాంత పండితుడై విట్టెన్‌బర్గు విశ్వవిద్యాలయములో లేఖనములను బోధింపసాగెను. 1517 అక్టోబరు 31న ఆయన వెలువరించిన తొంబదియైదు వాదములను గూర్చియు, 1521లో వోర్ము సభలో చక్రవర్తి యెదుట ఆయన నిలిచిన ధైర్యమును గూర్చియు మన సండేస్కూలు పిల్లలును చెప్పగలరు. కాని తెగులు వచ్చినప్పుడు ఆయన ఏమి చేసెనో మనలో అనేకులు వినియుండరు.

ఆయన పేరు లోకమునకు తెలియకముందే, 1516లో విట్టెన్‌బర్గులో ప్లేగు కనబడెను. పారిపొమ్మని మిత్రులు చెప్పిరి. తెగులు ముదిరినయెడల తన క్రిందనున్న మఠవాసులను ఇతర స్థలములకు పంపుదునని, తాను మాత్రము తనకు నియమింపబడిన స్థలమును విడువనని ఆయన జాబు వ్రాసెను. తనకు మరణభయము లేదని ఆయన గొప్పలు చెప్పుకొనలేదు. తాను పౌలువంటివాడను కానని, భయమున్నదని ఒప్పుకొనెను. తనవారిని పంపివేసి తాను నిలుచుట, భయమును దాచకుండుట, ఈ రెండును మనము గుర్తుంచుకొనవలెను.

పదకొండు సంవత్సరములు గడచెను. 1525లో ఆయన కాథరీనా ఫాన్ బోరాను వివాహమాడెను. 1526 జూన్‌లో కుమారుడు హాన్సు పుట్టెను. పాత మఠమే వారి ఇల్లాయెను. 1527 జూలై 6న లూథరు అకస్మాత్తుగా తల తిరిగి పడిపోయి, తనకు అంత్యకాలము వచ్చెనని తలంచి, భార్యాబిడ్డలను దేవునికి అప్పగించెను. ఆ బలహీనత ఇంకను తీరకముందే ఆగస్టు మొదట్లో పట్టణములో ప్లేగు బయలుదేరెను. రాజ్యమేలుచున్న యోహాను ప్రభువు ఆగస్టు 10న లూథరునకు కుటుంబముతో యేనా పట్టణమునకు వెళ్లుమని ఆజ్ఞ పంపెను. విశ్వవిద్యాలయము అక్కడికి తరలిపోయెను. ఆచార్యులును విద్యార్థులును వెళ్లిపోయిరి. లూథరు వెళ్లలేదు. పట్టణ సంఘకాపరియైన బూగెన్‌హాగెన్, ఇద్దరు సహాయ బోధకులు ఆయనతో నిలిచిరి.

ఎందుకు నిలిచెను? పేదవారు, వృద్ధులు, కూలివారు ఎక్కడికిని పోలేరు. మరణించుచున్న వారికి వాక్యము చెప్పి, ప్రభువు బల్లను ఇచ్చువారు ఎవరో ఒకరుండవలెను. తోడేలు వచ్చునప్పుడు గొఱ్ఱెలను విడిచి పారిపోవు జీతగానిని గూర్చి ప్రభువు చెప్పిన మాట ఆయన మనస్సులో మెదలుచుండెను.

అయితే ఇక్కడ మనము తొందరపడి ఆయనను వీరుడని పొగడరాదు. కాథరీనా అప్పుడు రెండవమారు గర్భవతి. హాన్సుకు ఏడాది దాటి రెండు నెలలే. తన ప్రాణమును అర్పించుట వేరు. భార్య ప్రాణమును, బిడ్డల ప్రాణమును అదే బలిపీఠముమీద ఉంచుట వేరు. ఆ సంగతి లూథరునకు తెలియును. వారి ఇల్లే ఆసుపత్రియాయెను. వైద్యుడు షుర్ఫు భార్యయు మరియొక స్త్రీయు ఆ ఇంట రోగులై పడియుండిరి. నగరాధికారి దేనే భార్య ఇంచుమించు లూథరు చేతులలోనే ప్రాణము విడిచెను. సహాయ బోధకుడైన రోయెరర్ భార్య హన్నా, నవంబరు 2న మృతశిశువును కని తానును మరణించెను. అదే స్థితిలోనున్న తన భార్యను చూచి లూథరు ఎంత తల్లడిల్లెనో మనము ఊహింపవచ్చును. హాన్సు రోగియై కొన్ని దినములు భోజనము ముట్టలేదు. ఆ నెలలలో లూథరు ఆత్మ గాఢాంధకారములో నుండెను. తనకొరకు ప్రార్థించుమని మిత్రులకు మరల మరల వ్రాసెను.

హాన్సు కోలుకొనెను. డిసెంబరు 10న ఎలిసబెత్ అను కుమార్తె జన్మించెను. కాని ఎనిమిది మాసములు నిండకముందే, 1528 ఆగస్టు 3న, ఆ పసికందు మరణించెను. దానికిని తెగులునకును సంబంధముండెనని మనము చెప్పము. ఆ యేడు ఆ ఇల్లు చెల్లించిన దుఃఖములో అదియు నొకటి.

ఇట్లుండగా బ్రెస్లౌ పట్టణమునుండి యోహాను హెస్సు అను బోధకుడు ఒక ప్రశ్న పంపియుండెను. క్రైస్తవుడు ప్రాణాంతకమైన తెగులునుండి పారిపోవచ్చునా యని వారు అడిగిరి. లూథరు వ్యాధివలన ఆగి ఆగి జవాబు వ్రాసి, ఆ సంవత్సరమే అచ్చువేయించెను. తాను నిలిచియున్నాడు గనుక అందరును నిలువవలెనని ఆయన వ్రాసియుండవచ్చును. అట్లు వ్రాయలేదు, అదియే ఆయన గొప్పతనమని మాకు తోచుచున్నది.

ఆయన ఉపదేశము క్లుప్తముగా ఇది. బోధకుడు, న్యాయాధికారి, వైద్యుడు, సేవకుని విషయములో యజమానుడు, యజమానుని విషయములో సేవకుడు, బిడ్డల విషయములో తలిదండ్రులు, వీరు తమకు అప్పగింపబడినవారిని దిక్కులేకుండ విడిచి పోరాదు. పొరుగువానికి వేరొక ఆధారము లేనియెడల పొరుగువాడును పోరాదు. అయితే చాలినంతమంది బోధకులున్నచోట కొందరు సమాధానముతో వెళ్లవచ్చును. రోగిని చూచుటకు మరియొకరున్నయెడల, బాధ్యత లేనివాడు వెళ్లుట పాపము కాదు. ప్రాణమును కాపాడుకొనుట దేవుడు మనలో నుంచిన స్వభావమే. ఉండువాడు వెళ్లువానిని తీర్పు తీర్చరాదు. వెళ్లువాడు ఉండువానిని వెఱ్ఱివాడనరాదు.

అంతటితో ఆయన ఆగలేదు. మందు త్రాగక, ఇల్లు శుద్ధిచేయక, జాగ్రత్తలేమియు తీసికొనక, అదియే విశ్వాసమని చెప్పుకొనువారిని ఆయన గట్టిగా గద్దించెను. అట్టివారు దేవుని శోధించుచున్నారు. తమ నిర్లక్ష్యముచేత ఇతరులకు తెగులు అంటించినయెడల ఆ మరణములకు వారే ఉత్తరవాదులు. తనకు పని లేని స్థలములకు తాను పోననియు, అవసరమైనచోటికి పిలిచినప్పుడు వెనుదీయననియు ఆయన వ్రాసెను. రోగమును దాచి జనులలో తిరుగువారిని హంతకులతో సమానముగా నెంచెను. రోగులకై ప్రత్యేకముగా ఆసుపత్రులుండవలెనని, శ్మశానము ఊరివెలుపల నుండుట మేలని ఆలోచన చెప్పెను. ప్లేగునకు కారణమైన సూక్ష్మజీవి 1894 వరకు కనుగొనబడలేదు. ఎలుకలమీద బ్రతుకు పురుగులు దానిని వ్యాపింపజేయునని ఆయన కాలమువారికి తెలియదు. చెడుగాలివలన వచ్చునని తలంచిరి. తెలిసినది కొంచెమే యైనను, ఆ కొంచెమును పొరుగువాని క్షేమమునకై వినియోగింపవలెనని ఆయన బోధించెను.

1539లో మరల ప్లేగు వచ్చినప్పుడు, దానివలన తలిదండ్రులను పోగొట్టుకొనిన నలుగురు పిల్లలను లూథరు తన ఇంటికి తెచ్చుకొనెను. తెగులును ఇంటికి తెచ్చుకొనెనని కొందరు ఆయనను నిందించిరి. 1546 ఫిబ్రవరి 18న, తాను పుట్టిన ఐస్లెబెన్‌లోనే, ఆయన ప్రభువునందు నిద్రించెను.

కాథరీనా సంగతి చెప్పక ఈ కథ ముగియదు. 1552లో విట్టెన్‌బర్గులో తిరిగి తెగులు పుట్టెను. అప్పుడామె విధవరాలు. 1527లో నిలిచి రోగులకు పరిచర్య చేసిన ఆ స్త్రీయే ఈసారి తన పిల్లలను తీసికొని టోర్గౌ పట్టణమునకు బయలుదేరెను. ఆమె ధైర్యము సన్నగిల్లెనని ఎవరనగలరు? నాడు రోగులు ఆమె ఇంటనుండిరి. నేడు ఆమెకు అప్పగింపబడినవారు ఆ పిల్లలే. త్రోవలో బండి ప్రమాదమున ఆమె గాయపడి, డిసెంబరు 20న టోర్గౌలో మరణించెను. నిలిచిన సంవత్సరము బ్రదికినది. తొలగిన సంవత్సరము మరణించినది. మన లెక్కలు మన ప్రాణములను కాపాడునని ఎవడును అతిశయింపరాదు. అయితే ఆ రెండు సంవత్సరములలోను ఆమె తనకు అప్పగింపబడినవారినే చూచెను.

లూథరు నిర్దోషియని మేము చెప్పుట లేదు. 1525లో తిరుగబడిన రైతులను గూర్చియు, 1543లో యూదులను గూర్చియు ఆయన వ్రాసిన కఠినమైన మాటలు సంఘమునకు నేటికిని సిగ్గు కలిగించునవే. దేవుడు మట్టిపాత్రలనే వాడుకొనును. ఆ పాత్ర పగుళ్లను దాచనక్కరలేదు. అందులోని నీటిని పారబోయనక్కరలేదు.

ఇప్పుడు మన సంగతి. 2020, 2021 సంవత్సరములలో మనము చేసినదానిని తలంచుకొనినప్పుడు, మనలో కొందరు ఎవరిని చూడబోలేదోయని నేటికిని కుమిలిపోవుచున్నారు. అంత్యక్రియలకు పోలేని కుమారులున్నారు. తల్లికి తామే వ్యాధి తెచ్చితిమేమోయని నిద్రపట్టని కుమార్తెలున్నారు. అట్టివారితో మేము ప్రేమతో చెప్పునదేమనగా, దూరముగా నుండి కాపాడుటయు ప్రేమయే. తెలియక జరిగినదానిని ప్రభువు మీమీద మోపడు. ఎపఫ్రొదితు క్రీస్తు పనికొరకు చావునకు సిద్ధమైనప్పుడు పౌలు ఆయనను ఘనపరచెను. ఆయన స్వస్థపడి ఇంటికి తిరిగి వెళ్లుటకును అంతే సంతోషించెను.

అయితే మనలో వేరొక తప్పు కలదు; మేమును అందులో పాలివారమే. గాజు భవనములలో పనిచేయువారు కంప్యూటరుతో ఇంటికి పోగలిగిరి. ఆ భవనములను ఊడ్చు స్త్రీలు, కావలివారు, క్యాంటీనులో వంటచేయువారు, ఇటుకలు మోయ పొరుగు రాష్ట్రములనుండి వచ్చినవారు ఏమైరని మనలో ఎందరము అడిగితిమి? తలుపు మూసికొనుట న్యాయమే. మూసిన తలుపు వెనుకనుండి జీతము పంపుట, బియ్యము పంపుట, ఫోనుచేసి పలుకరించుట మరచితిమా? వారు మనకు అప్పగింపబడిన పొరుగువారు. ఒకడు చేసిన త్యాగమును అతడెంత అపాయములో దూకెనో దానినిబట్టి దేవుడు కొలువడు. సాతాను ప్రభువును దేవాలయ శిఖరమునుండి దూకుమన్నప్పుడు ఆయన దూకలేదు. సిలువమీద మాత్రము, మనకొరకు అవసరమైనప్పుడు, ఆయన నిలిచెను, దిగి రాలేదు.

మరల అట్టి దినము వచ్చునో రాదో దేవునికే తెలియును. రాకముందే ప్రతి కుటుంబమును ఒక సాయంకాలము కూర్చుండి ఈ మూడు సంగతులు మాటలాడుకొనవలెనని మేము కోరుచున్నాము. దేవుడు మనకు ఎవరిని అప్పగించెను? మనము పోయినయెడల వారికి వేరొక దిక్కు కలదా? మనము దగ్గరకు వచ్చినయెడల వారికి మేలా, కీడా? ఈ ప్రశ్నలకు జవాబు ఇంటింటికి వేరుగా నుండును. ప్రశ్నించువాడు మాత్రము ఒక్కడే. ఆయన తన గొఱ్ఱెలను పేరుపేరున ఎరిగినవాడు.