మొగల్లులో పుట్టి కంప్యూటర్ చేయించినాయన



2024 మే 13న మన రాష్ట్రంలో ఓట్లు జరిగినాయి కదా. చాలా ఊళ్ళలో బడే పోలింగు కేంద్రం. మన పెద్దోళ్ళు వరసలో నిలబడి, లోపలికి పోయి, మిషన్ మీద నీలం బటన్ నొక్కితే కూ అని శబ్దం వచ్చింది. ఆ మిషన్లు చేసే సంస్థలు మన దేశంలో రెండే రెండు. ఒకటి బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్. ఇంకొకటి హైదరాబాదులోని ఈ.సి.ఐ.ఎల్. అంటే ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్. మన దేశంలో మొదటగా ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చేసి అమ్మింది కూడా ఈ సంస్థే. దాన్ని నిలబెట్టినాయన మన తెలుగాయనే. ఆయన పేరు అయ్యగారి సాంబశివరావు. అందరూ ఎ.ఎస్. రావు గారు అంటారు. ఈ నెల గోడపత్రికలో ఆయన కథ చెప్పుకుందాం.

రావు గారు 1914 సెప్టెంబరు 20న భీమవరం దగ్గర మొగల్లు అనే పల్లెలో పుట్టినారు. మొగల్లు పేరు ఎక్కడో విన్నట్టుందా? అవును, అల్లూరి సీతారామరాజు గారి తండ్రి వైపు సొంతూరు కూడా అదే. 1922లో మన్యంలో గిరిజనుల పక్షాన సీతారామరాజు గారు పోరాటం మొదలుపెట్టినప్పుడు సాంబశివరావు గారికి దాదాపు ఎనిమిదేళ్ళు. ఒకే ఊరి పేరు మీద ఇద్దరు. ఒకాయన విల్లు పట్టినాడు, ఇంకొకాయన వైర్లు పట్టినాడు. దారులు వేరే అయినా ఇద్దరూ కోరింది ఒకటే, మనం ఇంకొకరి కింద ఉండకూడదని.

రావు గారు కాశీకి పోయి బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చదివినారు. తర్వాత అమెరికా పోయి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదివి 1947లో పట్టా తీసుకున్నారు. అదే సంవత్సరం ఆగస్టులో మనకు స్వాతంత్ర్యం వచ్చింది. అదే సంవత్సరం డిసెంబరులో అమెరికాలో ట్రాన్సిస్టర్ కనిపెట్టినారు. అంటే ఎలక్ట్రానిక్స్ అనే విద్య అప్పుడప్పుడే మొలకెత్తుతా ఉంది. అది బాగా తెలిసినవాళ్ళు మన దేశంలో వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. అమెరికాలో ఉండిపోయి ఉంటే సుఖంగా బతికేవారు. ఆయన తిరిగి వచ్చేసినారు. బొంబాయిలో హోమీ భాభా గారు పెట్టిన టాటా ఇన్‌స్టిట్యూట్‌లో చేరినారు.

అక్కడ ఒక చిక్కు ఉండింది. పరిశోధన చేయాలంటే కొలిచే పరికరాలు కావాలి. పరికరాలు కావాలంటే విదేశాలకు ఆర్డరు పెట్టి, డాలర్లు కట్టి, నెలల తరబడి ఎదురు చూడాలి. చెడిపోతే బాగుచేసేవాళ్ళు ఇక్కడ లేరు. రావు గారు, ఆయన కింద ఉన్న కుర్ర ఇంజనీర్లు ఒకటొకటిగా వాటిని ఇక్కడే చేయడం నేర్చుకున్నారు.

1956 ఆగస్టు 4న ట్రాంబేలో అప్సర అనే అణు రియాక్టరు పని మొదలుపెట్టింది. అందులో వేసిన యురేనియం ఇంగ్లండు నుంచి వచ్చింది. కానీ దాన్ని అదుపులో పెట్టే వ్యవస్థను రావు గారి బృందం ఇక్కడే చేసింది. అదుపు అంటే ఏమిటి? పొయ్యిలో మంట ఎక్కువైతే కట్టె వెనక్కి లాగుతాం, తగ్గితే ముందుకు తోస్తాం. రియాక్టరులో కూడా కొన్ని కడ్డీలు ఉంటాయి. అవి కిందికి దిగితే వేడి తగ్గుతుంది, పైకి లేస్తే పెరుగుతుంది. లోపల ఎంత జోరుగా జరుగుతా ఉందో క్షణక్షణం కొలిచి, కడ్డీలను కదిలించాలి. కొలత తప్పితే ప్రమాదం. అంత బరువైన పనిని మనవాళ్ళ చేతుల్లో పెట్టడానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యం భాభా గారు చేసినారు, రావు గారు నిలబెట్టినారు.

1963లో భారత ప్రభుత్వం ఎలక్ట్రానిక్స్ మీద ఒక కమిటీ వేసింది. భాభా గారు అధ్యక్షులు. విక్రం సారాభాయ్ గారు, సూరి భగవంతం గారు, ఎ.ఎస్. రావు గారు సభ్యులు. నలుగురిలో ఇద్దరు తెలుగువాళ్ళు, చూసినారా! దేశానికి కావలసిన ఎలక్ట్రానిక్స్ దేశంలోనే తయారు కావాలని ఆ కమిటీ చెప్పింది. ఇంతలో 1966 జనవరి 24న భాభా గారి విమానం ఆల్ప్స్ కొండల్లో కూలిపోయింది. పెద్ద దిక్కు పోయింది. కాగితం మీద రాసింది కాగితం మీదే ఉండిపోయేది. అట్లా కానివ్వలేదు రావు గారు. 1967 ఏప్రిల్ 11న హైదరాబాదులో ఈ.సి.ఐ.ఎల్. మొదలైంది. ఆయన దానికి మొదటి అధిపతి.

1969లో టి.డి.సి-12 అనే కంప్యూటర్ వచ్చింది. ట్రాంబే డిజిటల్ కంప్యూటర్ అని దాని పూర్తి పేరు. దీనికి ముందే 1960లో టాటా ఇన్‌స్టిట్యూట్‌లో ఒక కంప్యూటర్ కట్టినారు కానీ అది వాళ్ళ పని కోసం కట్టుకున్న ఒక్కటే. ఫ్యాక్టరీలో చేసి నలుగురికీ అమ్మింది మాత్రం ఇదే మొదలు. పేరులో 12 ఎందుకంటే అది ఒక్కోసారి 12 బిట్ల లెక్క చూస్తుంది. 12 లైటు స్విచ్చులు వరసగా ఉన్నాయనుకోండి. ఒక్కొక్కటి వెలిగి ఉండొచ్చు, ఆరి ఉండొచ్చు. రెండును పన్నెండుసార్లు హెచ్చిస్తే 4096 రకాలు వస్తాయి. లెక్కల సార్ దగ్గర చేసి చూడండి. తర్వాత టి.డి.సి-312, టి.డి.సి-316 వచ్చినాయి.

అప్పట్లో మన దేశంలో కంప్యూటర్ అంటే ఐ.బి.ఎం. అనే అమెరికా కంపెనీదే రాజ్యం. బయటి దేశాల్లో వాడి వదిలేసిన పాత మిషన్లను ఇక్కడ బాగుచేసి బాడుగకు ఇచ్చేది. 1973లో వచ్చిన చట్టం ప్రకారం విదేశీ వాటా 40 శాతానికి తగ్గించుకోమంటే ఒప్పుకోక, 1978లో ఐ.బి.ఎం. దేశం వదిలిపోయింది.

మరి అప్పుడు ఈ.సి.ఐ.ఎల్. దేశమంతా ఏలిందా? లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి. దాని కంప్యూటర్లు ఖరీదు ఎక్కువ, రావడం ఆలస్యం. చిన్న చిన్న ప్రైవేటు కంపెనీలు కొత్త చిప్పులు తెచ్చి, తక్కువ ధరకు కంప్యూటర్లు చేసి ముందుకు పోయినాయి. ఈ.సి.ఐ.ఎల్. వెనకబడింది. అట్లయితే రావు గారి కష్టం వృథానా? మా గదిలో దీని మీద పెద్ద వాదులాటే జరిగింది. నాకు తోచింది రాస్తా ఉన్నాను. మిషన్ పాతదై పోతుంది, నేర్చుకున్న చెయ్యి పోదు. 1975 ఆగస్టు నుంచి ఒక సంవత్సరం పాటు ఆరు రాష్ట్రాల్లో 2400 పల్లెలకు ఉపగ్రహం ద్వారా టీవీ చూపించినారు. కోళ్ళ దొడ్డికి కట్టే వలతో చేసిన యాంటెన్నాలు! ఆ టీవీ సెట్లు చేసింది ఈ.సి.ఐ.ఎల్. 1979లో ఓటు మిషన్ మొదటి నమూనా చేసింది ఈ.సి.ఐ.ఎల్. చంద్రయాన్-1 మాటలు వినడానికి బెంగుళూరు దగ్గర బయలాలులో 32 మీటర్ల యాంటెన్నా కట్టిందీ ఈ.సి.ఐ.ఎల్.

రావు గారికి 1960లో పద్మశ్రీ, 1965లో భట్నాగర్ బహుమతి, 1972లో పద్మభూషణ్ వచ్చినాయి. 2003 అక్టోబరు 31న ఆయన కన్నుమూసినారు. హైదరాబాదులో ఈ.సి.ఐ.ఎల్. దగ్గర ఎ.ఎస్. రావు నగర్ ఆయన పేరుతో ఉండాది.

చివరిగా ఒక్క మాట. చంద్రయాన్-1 2008 అక్టోబరు 22న పైకి లేచింది శ్రీహరికోట నుంచి. అది ఇప్పుడు మన తిరుపతి జిల్లాలోనే ఉంది. రాకెట్ కేంద్రం రాకముందు ఆ దీవిలో యానాదులు కాపురం ఉండేవాళ్ళు. కేంద్రం కోసం కాపురాలు ఎత్తి వేరే చోటికి పోవలసి వచ్చినవాళ్ళున్నారు. మనవాళ్ళు జాగా ఇచ్చినారు. ఆ గేటు లోపల ఇంజనీరుగా కూర్చునే పని మాత్రం మన వంతు. విదేశంవాళ్ళు చేస్తేనే మిషన్ అనుకునే రోజుల్లో రావు గారు స్క్రూడ్రైవరు పట్టుకున్నారు. పట్నంవాళ్ళు చదివితేనే చదువు అనుకునే మనం ముందు సైన్సు పుస్తకం పట్టుకుందాం.

ఇంకో సంగతి. మన హాస్టల్ రేడియో చెడిపోయి మూలన పడి ఉంది. వార్డెన్ సార్ ఒప్పుకుంటే ఆదివారం విప్పి చూద్దాం. రావాలనుకునేవాళ్ళు ఈ కాగితం కింద పేరు రాయండి.

— 10వ తరగతి విద్యార్థి