కోటలు ఖాళీ చేయించిన రెడ్ క్లౌడ్

అమెరికా చరిత్ర అనగానే మనకు గుర్తొచ్చేది జార్జ్ వాషింగ్టన్, ఆ తర్వాత అబ్రహాం లింకన్. లింకన్ బానిసల్ని విడిపించాడని హైస్కూలు పిల్లవాడు కూడా చెప్తాడు. కానీ 1865లో లింకన్ చనిపోయిన మూడేళ్ళకే, అంతర్యుద్ధం గెలిచిన అదే సైన్యం ఒక ఆదివాసీ నాయకుడు పెట్టిన షరతుకు తలొగ్గి, తాను కట్టుకున్న మూడు కోటల్ని ఖాళీ చేసి వెళ్ళిపోయిందని మనలో ఎంతమందికి తెలుసు? ఆ నాయకుడి పేరు రెడ్ క్లౌడ్. వాళ్ళ లకోటా భాషలో మఖ్పియా లూతా, అంటే ఎర్రమబ్బు. ఆయనకు చదువు రాదు. కాగితం మీద ఇంటూ గుర్తు పెట్టేవాడు. అయినా ప్రభుత్వంతో ఒడంబడికకు కూర్చునే ముందు ఏం చెయ్యాలో ఆయనకు తెలిసినంతగా చాలామంది ప్లీడర్లకు కూడా తెలియదు.

ఆయన 1821 ప్రాంతంలో, ఇప్పటి నెబ్రాస్కా రాష్ట్రంలో, ప్లాట్ నది దగ్గర పుట్టాడు. తండ్రి చిన్నప్పుడే పోతే మేనమామ స్మోక్ పంచన పెరిగాడు. వాళ్ళది లకోటా జాతిలో ఒగ్లాలా శాఖ. తెల్లవాళ్ళు వీళ్ళందరినీ కలిపి సూ జాతి అనేవారు. వాళ్ళకు అడవిదున్నే అన్నం, అదే బట్ట, అదే ఇల్లు. మాంసం తిని, తోలు కప్పుకుని, ఆ తోలుతోనే గుడారం వేసుకునేవారు. రెడ్ క్లౌడ్‌ది నాయకుల వంశం కాదు. పొరుగు తెగలతో జరిగిన పోరాటాల్లో చూపిన ధైర్యంతో పైకొచ్చాడు.

ఆయన యువకుడిగా ఉన్న రోజుల్లోనే, 1851లో, లారమీ కోట దగ్గర ప్రభుత్వం చాలా తెగలతో ఒక పెద్ద ఒప్పందం చేసుకుంది. బండ్ల దారికి అడ్డం రాకుండా ఉంటే ఏటా యాభై వేల డాలర్ల సరుకులు, యాభై ఏళ్ళ పాటు ఇస్తామన్నారు. తెగలవాళ్ళు గుర్తులు పెట్టి వెళ్ళిపోయాక వాషింగ్టన్‌లో సెనేట్ ఆ యాభై ఏళ్ళను పదేళ్ళు చేసేసింది. అంతేకాదు, ఒక్కో తెగకు ఒక్కో నాయకుడుంటే మాట్లాడటం సులువని, లకోటాలందరి మీదా కాంకరింగ్ బేర్ అనే పెద్దమనిషిని తెల్లవాళ్ళే నాయకుణ్ణి చేశారు. మూడేళ్ళు తిరక్కుండా, 1854లో, ఒక ఆవు దగ్గర గొడవ వచ్చింది. దారిన పోయే వలస బండ్ల తాలూకు ఆవును ఎవరో కొట్టి తిన్నారు. దానికి ఫిరంగులతో వచ్చిన చిన్న అధికారి తొందరపడి కాల్పులు జరిపించాడు. ప్రభుత్వం తయారుచేసిన ఆ నాయకుడే ప్రభుత్వపు గుండ్లకు చచ్చిపోయాడు. తిరగబడ్డ లకోటాలు ఆ అధికారినీ, అతని సిపాయిల్నీ మిగల్చలేదు. ఇవన్నీ రెడ్ క్లౌడ్ తరం కళ్ళెదుట జరిగినవే.

మోంటానాలో బంగారం పడిందన్న వార్తతో 1863 నుంచి బోజ్‌మన్ అనేవాడు వేసిన దారి పౌడర్ నది లోయ గుండా సాగింది. లకోటాలకు మిగిలిన మంచి వేట భూమి అదే. (ఆ నేల అంతకు ముందు క్రో తెగది, లకోటాలే వాళ్ళను తరిమి ఆక్రమించుకున్నారు. ఈ సంగతి దాచకూడదు.) ఆ దారికి అనుమతి కోసం 1866 జూన్‌లో ప్రభుత్వం లారమీ కోటలో సభ పెట్టింది. సభ ఇంకా సాగుతుండగానే కర్నల్ కారింగ్టన్ పటాలంతో దిగాడు. ఆ దారిమీద కోటలు కట్టడానికట! ఒకపక్క అనుమతి అడుగుతూ మరోపక్క కట్టడానికి మనుషుల్ని పంపించారన్నమాట. రెడ్ క్లౌడ్ మాట్లాడకుండా ఊరుకోలేదు, మాట్లాడుతూ కూర్చోనూ లేదు. వాళ్ళ మోసాన్ని సభలోనే ఎండగట్టి, తన వాళ్ళతో లేచి వెళ్ళిపోయాడు.

తర్వాత జరిగిన రెండేళ్ళ యుద్ధానికి చరిత్రకారులు ఆయన పేరే పెట్టారు. రీనో, ఫిల్ కెర్నీ, సి.ఎఫ్. స్మిత్ అనే మూడు కోటల్నీ లకోటాలు, షయెన్‌లు, అరపాహోలు కలిసి దిగ్బంధం చేశారు. వంటచెరకు కోసం బయటికొచ్చినా, గడ్డి కోతకొచ్చినా దెబ్బ పడేది. 1866 డిసెంబరు 21న కెప్టెన్ ఫెటర్‌మన్‌తో సహా వెళ్ళిన 81 మందిలో ఒక్కడూ తిరిగి రాలేదు. మరుసటేడు ఆగస్టులో జరిగిన రెండు పోరాటాల్లో సైన్యం కొత్త తుపాకులతో నిలదొక్కుకుంది. కాబట్టి యుద్ధం పూర్తిగా ఆదివాసులే గెలిచారని అనలేం. కానీ ఆ దారి మాత్రం సామాన్య ప్రయాణికులకు మూతపడింది.

నన్ను ఎక్కువగా ఆకర్షించింది ఆ తర్వాతి ఘట్టం. 1867 జూలైలో అమెరికన్ కాంగ్రెస్ శాంతి కమిషన్ వేసింది. అందులో జనరల్ షెర్మన్ అంతటివాడు సభ్యుడు. ఆ నవంబరులో కమిషన్ లారమీ చేరేసరికి రెడ్ క్లౌడ్ రాలేదు. కోటల్లోంచి సైన్యం పోతే యుద్ధం ఆగుతుందని కబురు పంపాడు. 1868 వసంతంలో కమిషన్ మళ్ళీ వచ్చింది. రాసిన ఒప్పందం, కానుకల మూటలు సిద్ధం. ఏప్రిల్ 29 నుంచి వేరే శాఖల నాయకులు ఒక్కొక్కరే గుర్తులు పెట్టసాగారు. రెడ్ క్లౌడ్ అప్పుడూ రాలేదు. చివరికి కమిషన్ సభ్యులే విసిగి, కాగితాన్ని కోట అధికారికి అప్పగించి వెళ్ళిపోయారు.

మా వైపు పొలం కొనేవాడు ముందు గట్టు చుట్టూ తిరిగి, హద్దురాళ్ళు చూసి, ఆ తర్వాతే బయానా ఇస్తాడు. మాట విని డబ్బు కట్టినవాడు కోర్టు మెట్లెక్కుతాడు. రెడ్ క్లౌడ్ చేసింది సరిగ్గా అదే. అవతలివాడి అవసరం కూడా ఆయనకు అనుకూలించింది. ప్లాట్ నది వెంబడి రైలుమార్గం పడుతోంది, దానికి కాపలా కావాలి, సైన్యం తక్కువ, ఖర్చు ఎక్కువ. రైలు పడితే మోంటానాకు వేరే దారి దొరుకుతుంది. అలాంటప్పుడు ఆ మూడు కోటలు ఎందుకు? 1868 జూలై, ఆగస్టు నెలల్లో సైన్యం వాటిని వదిలి వెళ్ళింది. వాళ్ళు అటు వెళ్ళగానే ఆదివాసులు కోటలకు నిప్పుపెట్టారు.

అప్పటికీ ఆయన తొందరపడలేదు. చలికాలానికి మాంసం సమకూర్చుకోవాలని వేటకు వెళ్ళాడు. పని ముగించుకుని నవంబరులో తీరిగ్గా లారమీ వచ్చాడు. ఆరో తేదీన సంతకం. నేలమీది దుమ్ముతో చేతులు కడుక్కుని కలాన్ని తాకాడట. అక్కడున్న తెల్లవాళ్ళందరి చేతా కూడా ఆ కలాన్ని ముట్టించాడు. మన ఊళ్ళలో ప్రమాణం చేయించడం లాంటిదే ఇది!

ఆ ఒప్పందం ప్రకారం ఇప్పటి దక్షిణ డకోటా రాష్ట్రంలో పశ్చిమ భాగం, నల్లకొండలతో సహా, సూ జాతి సొంతం. పౌడర్ నది ప్రాంతంలోకి వాళ్ళ అనుమతి లేకుండా తెల్లవాళ్ళు అడుగుపెట్టకూడదు. ముఖ్యంగా పన్నెండో అధికరణం. వయసొచ్చిన మగవాళ్ళలో నాలుగింట మూడు వంతుల మంది సంతకం లేకుండా ఇక ఏ భూమీ పోదు. ఇంతవరకూ బాగుంది. కానీ అదే కాగితంలో వ్యవసాయానికి విత్తనాలు, పనిముట్లు ఇస్తామనీ, కుటుంబానికి 320 ఎకరాల వరకు విడిగా రాసిస్తామనీ, వేట హక్కు దున్నలు ఉన్నంతకాలమేననీ, సరుకులిచ్చే కేంద్రం దూరాన మిసోరీ నది ఒడ్డున ఉంటుందనీ కూడా ఉంది. నేను రైతుబిడ్డను, దుక్కి దున్నడం తక్కువ పనని ఎన్నటికీ అనను. కానీ అడగనివాడి చేతికి నాగలిచ్చి, వాడి మేతభూమి తీసుకోవడం ఏం దానం?

ఇవన్నీ రెడ్ క్లౌడ్‌కు బాగా ఆలస్యంగా తెలిశాయి. 1870 జూన్‌లో వాషింగ్టన్ వెళ్ళి అధ్యక్షుడు గ్రాంట్‌ను కలిశాడు. ఇంటీరియర్ శాఖ మంత్రి కాక్స్ ఒప్పందంలోని అంశాలు చదివించగా, ఇవేవీ నాకు చెప్పలేదని, కోటలు తీసేసి శాంతిగా ఉండటం గురించే విన్నానని మండిపడ్డాడు. ఆ ఒప్పందం నకలు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. గట్టు చుట్టూ తిరిగాడు గానీ దస్తావేజు చదివి చెప్పే నమ్మకమైన మనిషి ఆయన పక్కన లేడు. అయినా వట్టి చేతులతో తిరిగి రాలేదు. న్యూయార్క్‌లో కూపర్ యూనియన్ సభలో నిలబడి జనాన్ని కదిలించాడు. పత్రికలు ఆయన పక్షాన రాశాయి. మిసోరీకి పోవాలన్న పట్టు ప్రభుత్వం సడలించింది.

మన జువాలజీ విద్యార్థులకు నచ్చే సంగతి ఒకటుంది. గుర్రం పరిణామక్రమం పాఠంలో వచ్చే శిలాజాల మార్ష్, యేల్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్, 1874లో ఎముకల కోసం ఆ ప్రాంతానికి వచ్చాడు. తవ్వుకోవడానికి రెడ్ క్లౌడ్ అనుమతి కావాలి. ఆయన ఇక్కడా బేరం పెట్టాడు. ప్రభుత్వం తమకు పంచుతున్న పాడైన పిండి, కాఫీ, చక్కెర నమూనాలు మార్ష్ చేతికిచ్చి అధ్యక్షుడికి చూపించమన్నాడు. మార్ష్ మాట నిలబెట్టుకున్నాడు. 1875లో విచారణ జరిగింది. వేరే ఆరోపణలు కూడా తోడై అప్పటి ఇంటీరియర్ మంత్రి డెలానో ఆ ఏడాదే పదవి వదిలాడు. ఇద్దరి స్నేహం నిలిచింది. 1883లో రెడ్ క్లౌడ్ యేల్ ఊరికి వెళ్ళి మార్ష్ ఇంట అతిథిగా ఉన్నాడు.

అయితే 1874లోనే కస్టర్ పటాలం నల్లకొండల్లో బంగారం ఉందని చాటింది. మరుసటేడు కొండల్ని అరవై లక్షల డాలర్లకు అమ్మమని ప్రభుత్వం అడిగింది. రెడ్ క్లౌడ్ ఏడు తరాల పోషణ అడిగాడు. బేరం తెగలేదు. 1876 యుద్ధంలో ఆయన చేరలేదు. కొందరు యువకులు దీన్ని పిరికితనం అన్నారు. వాషింగ్టన్ చూసొచ్చినవాడికి తెల్లవాళ్ళ లెక్క తెలుసునని నేననుకుంటాను. యుద్ధంలో లేనివాళ్ళకూ శిక్ష తప్పలేదు. కొండలు వదులుకునేదాకా తిండి గింజలు ఆపేస్తామని ఆ ఆగస్టులో చట్టం చేశారు. రెడ్ క్లౌడ్ గుర్తు పెట్టక తప్పలేదు. నాలుగింట మూడు వంతులు కావాల్సిన చోట పదో వంతు సంతకాలే వచ్చాయి. అయినా 1877 ఫిబ్రవరి 28న కొండలు ప్రభుత్వపరం అయ్యాయి.

చివరి ముప్పై ఏళ్ళు పైన్ రిడ్జ్‌లో గడిచాయి. అక్కడి ప్రభుత్వ ఏజెంట్‌తో తగాదాలు, మళ్ళీ మళ్ళీ వాషింగ్టన్ ప్రయాణాలు. 1889లో మిగిలిన భూమిలోంచి సుమారు తొంభై లక్షల ఎకరాలు తీసుకోబోతే వ్యతిరేకించాడు, ఆపలేకపోయాడు. చూపు పోయింది. 1909 డిసెంబరు 10న కన్నుమూశాడు. అక్కడి మిషన్ స్మశానంలోనే ఆయన సమాధి.

ఆయనకు సరిగ్గా చదివి వినిపించని ఆ 1868 కాగితాన్ని పట్టుకుని సూ జాతి కోర్టుకెక్కింది. 1980 జూన్ 30న అమెరికా సుప్రీం కోర్టు, నల్లకొండల్ని తీసుకున్నందుకు న్యాయమైన పరిహారం చెల్లించాల్సిందేనని తీర్పు చెప్పింది. అసలు, వడ్డీ కలిపి పది కోట్ల డాలర్లకు పైన తేలింది. సూ జాతి పుచ్చుకోలేదు. కొండలే కావాలంది. ఆ సొమ్ము ఖజానాలో వడ్డీ మీద వడ్డీ పెరిగి వంద కోట్ల డాలర్లు దాటింది. పేదరికంలో ఉన్న పైన్ రిడ్జ్ వాళ్ళు కూడా ఇంతవరకు దాన్ని ముట్టుకోలేదు.