గిడుగు రామమూర్తి పంతులు

చెవిటివాని ముందు శంఖ మూదినట్లు అను సామెతను మనలో వాడనివారు అరుదు. చెప్పిన మాట లెక్కచేయని బాలుని చెవిటివాడా యని గద్దించుట, నిలువని సాకును కుంటిసాకు అనుట, ఆలోచన లేని నమ్మకమును గుడ్డినమ్మక మనుట మనకు నిత్యకృత్యములు. ఆ మాటలు పలుకునప్పుడు నిజముగా చెవులు వినబడనివారు గాని, నడువలేనివారు గాని, చూపు లేనివారు గాని మన తలపునకు రారు. అయితే నేడు మనము వ్రాయుచున్న వాడుక తెలుగునకు బడిలోను పుస్తకములలోను చోటు సంపాదించి పెట్టుటకై పోరాడిన మహనీయుడు జీవితములో చాల భాగము చెవుడుతో గడిపినవాడు. ఆయనయే గిడుగు వేంకట రామమూర్తి పంతులు. ఆయన కథను పాతబాణీలో చెప్పుట చూచినచో పంతులుగారు నవ్వియే యుందురు. పాఠ్యపుస్తకములకు ఆ అలవాటు తొందరగా పోదు.

రామమూర్తి 1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన శ్రీముఖలింగ క్షేత్రమునకు సమీపమున, వంశధారా తీరమునందలి పర్వతాలపేటలో జన్మించెను. తండ్రి వీర్రాజు, తల్లి వెంకమ్మ. 1875లో తండ్రి మరణించుటచే బాలుడు విజయనగరమునకు పోయి, బంధువుల యింట నుండి చదువుకొనెను. అచ్చట ఆయనకు సహాధ్యాయి గురజాడ అప్పారావు. 1879లో మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణుడై, మరుసటి యేడు పర్లాకిమిడిలో రాజావారి పాఠశాలయందు ఉపాధ్యాయుడుగా చేరెను. ముఖలింగ దేవాలయములోని శాసనముల లిపిని ఎవరును నేర్పకయే నేర్చుకొని చదివెను.

పర్లాకిమిడి చుట్టును కొండలు. ఆ కొండలలో సవరలు నివసింతురు. వారి భాష తెలుగునకు గాని ఒడియాకు గాని బంధువు కాదు. అది ముండా కుటుంబమునకు చెందినది. దానికి అప్పుడు లిపి లేదు, పుస్తకము లేదు, బడి లేదు. పల్లపు జనులు దానిని భాషగనే ఎంచరైరి. రామమూర్తి తెలుగును సవరయు రెండును తెలిసిన యొకనిని తన యింటనే నిలుపుకొని, ఆ భాషను అక్షరాభ్యాసము వలె నేర్చుకొనెను. పిమ్మట ఆ భాషలో వాచకములు వ్రాసి, సొంత ధనముతో బడులు పెట్టెను. 1911లో మద్రాసు ప్రభుత్వము ఆ పుస్తకములను అచ్చువేయించి ప్రతిఫల మీయబోగా, తన కది వలదనియు, ఆ సొమ్ముతో సవర పిల్లలకు మంచి బడి నడుపవలసినదనియు కోరెను.

ఈ పని యెంత యవసరమైనదో తెలియవలెనన్న, మన చెంతనే యున్న మరియొక అడవిని తలచుకొనవచ్చును. నాగర్‌కర్నూలు జిల్లాలో మన్ననూరు దాటి శ్రీశైలము దారిన పోవువారికి నల్లమల అరణ్యము ఎదురగును. అందలి పెంటలలో చెంచులు నివసించుచున్నారు. వారు మాటాడునది తెలుగే. కాని వారి పలుకుబడి వేరు. అట్టి యింటి పిల్లవాడు బడిలో నోరు విప్పినంతనే తోటివారు పకపక నవ్విరనుకొనుడు. మరునాడు వాడు పలుకడు. వారము దినములు గడచునప్పటికి వానికి మూగవాడని పేరు వచ్చును. వాని నోటిలో లోపము లేదు. విన్నవారి చెవిలోనే యున్నది. సవర పిల్లలకు వారి మాటతోనే చదువు చెప్పవలెనని రామమూర్తి పట్టుపట్టుట ఇందుకే.

ఆ పట్టుదలకు ఆయన చెల్లించిన మూల్యము తక్కువది కాదు. మన్యము జ్వరముల నెలవు. ఆ రోజులలో మలేరియా జ్వరమునకు మందు క్వినైనే. అది ప్రాణమును నిలుపును గాని, మితిమీరినచో వినికిడిని చెరచును. కొండలలో తిరిగి తిరిగి జ్వరమున పడి, ఆ మందు సేవించి సేవించి రామమూర్తి వినికిడిని కోల్పోయెను. జీవితాంతము ఆ చెవుడు ఆయనను వీడలేదు.

సవర భాషలో మాట చివర గొంతులో చటుక్కున ఆగిపోవు ధ్వనులు కలవు. చురుకైన చెవి గలవారు సైతము వానిని పట్టుకొనలేరు. అట్టి ధ్వనులను ఏర్పరచి, ఒక్కొక్కదానికి గుర్తు నియమించి గ్రంథస్థము చేసినవాడు ఈ చెవిటి పండితుడు! సవర భాషా వ్యాకరణ గ్రంథము 1931లోను, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడినవి. కుమారుడు సీతాపతియు ఆ భాషలో పండితుడై తండ్రికి తోడు నిలిచెను.

తెలుగున వ్యావహారిక భాషోద్యమము 1906 ప్రాంతమున మొదలయ్యెను. పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చిన యేట్సు దొర, బడిలో నేర్పు తెలుగు ప్రజలు మాటాడు తెలుగు కాకపోవుట చూచి ఆశ్చర్యపడి, కారణమును విచారించెను. రామమూర్తి, గురజాడ ఆ ప్రశ్నను తమదిగా చేసికొనిరి. జయంతి రామయ్య పంతులు మొదలగువారు ఎదిరించిరి. పరీక్షలలో ఆధునిక భాష వ్రాయుటకు మొదట అనుమతించిన ప్రభుత్వమే పండితుల ఒత్తిడికి లోబడి ఆ యనుమతిని వెనుకకు తీసికొనెను. రామమూర్తి వెనుదీయలేదు. 1911లో ఉద్యోగము విరమించి పూర్తి కాలము ఈ పనికే వినియోగించెను. 1919లో తెలుగు అను మాసపత్రికను నడిపెను. ప్రాచీన గ్రంథములు చేతబట్టి సభలకు పోయి, వ్యాకరణము పేరు చెప్పి బెదిరించు పండితులే ఆ వ్యాకరణమును తప్పుచున్నారని గంటల తరబడి నిరూపించుచుండెను.

ప్రతిపక్షులు ప్రజల మాటకు పెట్టిన పేరు గ్రామ్యము. వినుటకు అది శాస్త్రపదమే. కాని దానితో భాష యొక్కటియే కాదు, ఆ భాష నాడు జనులందరును తక్కువవారైరి. ఒక మాట మనుష్యుని ఎట్లు చిన్నబుచ్చునో పంతులుగారి పోరాటము వలన మనకు బాగుగా తెలియుచున్నది.

ఇచట విద్యార్థులకు ఒక సందేహము కలుగవచ్చును. వాడుక భాషయే ప్రమాణ మనినప్పుడు, చెవిటివాని శంఖమును కుంటిసాకును వాడుకలోనివే కదా, వానిని మార్చుమనుట పండితుల శాసనము వంటిదే కాదా? ఈ సందేహము తేలికగా త్రోసివేయదగినది కాదు. పైనుండి విధించిన మాట ఒక్కొక్కప్పుడు నిలువదు. కుంటి, గుడ్డి యనుట బాగుండదని వికలాంగులు అను పదము తెచ్చితిమి. కొంతకాలమునకు అదియు నొచ్చుకొనునదాయెను. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి దివ్యాంగులు అను పదమును సూచించిరి. అది ప్రభుత్వ కాగితములలోనికి వచ్చినది గాని, మాకు దివ్యత్వము వలదు, మెట్ల ప్రక్కన వాలుదారి కావలెననువారు వారిలోనే కలరు. మనసు మారక పేరు మార్చినచో కొత్త పేరునకును పాత ముల్లే మొలచును.

అయినను పంతులుగారు వాడుక యన్నది నోటికి వచ్చినదెల్ల కాదు. శిష్టుల వ్యవహారమే వ్రాతకు తగినదని వారి మతము. ఎన్నిక అందులోనే యున్నది. చెవులు వినబడని మనుష్యుని చెవిటివాడనుట యొకటి. వినగలిగియు లక్ష్యపెట్టనివానిని ఆ పేరుతో తిట్టుట వేరొకటి. మొదటిది అతని స్థితిని చెప్పును. రెండవది ఒకని తప్పునకు మరియొకని శరీరమును సాక్ష్యముగా నిలుపును. పల్లెలలో కాలిని బట్టియో కంటిని బట్టియో పిలిచి పిలిచి, కడకు తల్లిదండ్రులు పెట్టిన పేరును ఊరంతయు మరచిన సందర్భములు ఎన్నియో కలవు. 2024 జూలైలో సుప్రీంకోర్టు ఒక చలనచిత్రమునకు సంబంధించిన వ్యాజ్యములో తీర్పు చెప్పుచు, ఇట్టివారిని కించపరచు పదములను చలనచిత్రములలో మానుకొనవలెనని సూచనలు చేసినది. ఇంటిలోను బడిలోను పలుకు మాటపై న్యాయస్థానమునకు అంత చేయి లేదు. అది పలుకువారి చేతిలోనిది.

1936 ఏప్రిల్‌లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడి పర్లాకిమిడి అందు చేరెను. తెలుగువారు అధికముగా నున్న ఆ ప్రాంతమును అందు కలుపుటను రామమూర్తి మొదటినుండియు వ్యతిరేకించెను. డెబ్బదిరెండేండ్ల వయసున, అయిదు దశాబ్దములకు పైగా తాను నివసించిన ఊరిని విడిచి రాజమహేంద్రవరమునకు తరలిపోయెను. సవర నిఘంటువు అచ్చయి చేతికి వచ్చినది అటుపిమ్మటనే. 1940 జనవరి 22వ తేదీన ఆయన కన్నుమూసెను. ఆయన జన్మదినమైన ఆగస్టు 29వ తేదీని తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము.