కీర్తిశేషులు డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

మహనీయుల చరిత్రములను పఠించుటవలన విద్యార్థులకు ధైర్యమును, దాతలకు కర్తవ్యజ్ఞానమును కలుగును. ఈ యుభయప్రయోజనముల నొసంగునది గావున సుబ్బారావుగారి జీవితమును నెక్కొండయందు సమావేశమైన సభ్యులకును పోషకులకును సంగ్రహముగా విన్నవించుచున్నాము.

వీరు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జగన్నాథము, వెంకమ్మ దంపతులకు జన్మించిరి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమాఱులు తప్పి, మూడవమాఱు చెన్నపురి హిందూ హైస్కూలునుండి కృతార్థులైరి. వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని యాగ్రహమునకు పాత్రులై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మాఱుగా తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టమునే పొందిరి. ఆ దినములలో సోదరు లిరువురు సంగ్రహణి వ్యాధిచే స్వల్పవ్యవధిలో గతించిరి.

చెన్నపురి ఆయుర్వేద కళాశాలలో బోధించుచుండగా వీరికి అమెరికా కేగి చదువవలయునను సంకల్పము కలిగెను, ధనము లేదు. మామగారగు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మసంస్థయు తోడ్పడిరి. నాయకరుగారు బర్మాలో నార్జించిన ధనమును ధర్మమునకు విడిచిన వర్తకులు. సుబ్బారావుగారు వారి కులమువారు కారు. ఆ ధర్మము విద్యను జూచెనేకాని కులమును జూడలేదు. ఈ యంశమును పోషకులు ప్రత్యేకముగా గమనింపవలయునని ప్రార్థించుచున్నాము.

హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కే పండితునితో గూడి, భాస్వరమును రంగుయొక్క గాఢతనుబట్టి కొలుచు విధానమును 1925లో ప్రకటించిరి. దాని సాయముననే కండరములయందు 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి.ని గుర్తించిరి. జర్మనీలో లోమన్ పండితుడును అదే సంవత్సరమున ఏ.టి.పి.ని వేఱుగా కనుగొనెను. పొయ్యికి కట్టెలెట్లో జీవకణమునకు ఏ.టి.పి. యట్లు. మాంసకృత్తు మొదట పొడవైన గొలుసుగా పుట్టును. తగిన రీతిని ముడుచుకొనినగాని అది పనికి రాదు. ఆ ముడుపునకు తోడ్పడు సహాయక మాంసకృత్తులలో పెక్కులు ఈ ఏ.టి.పి. శక్తినే వినియోగించుకొనునని తరువాతి శాస్త్రజ్ఞులు తెలిసికొనిరి.

ఇంతటి కృషికిని హార్వర్డువారు వీరికి శాశ్వతమగు ఆచార్యపదవి నీయలేదు. 1940లో వీరు లెడర్లీ పరిశోధనాలయమున బ్రవేశించిరి. వీరి యాజమాన్యమున 1945లో ఫోలికామ్లము కృత్రిమముగా తయారయ్యెను. 1948లో ఆరియోమైసిన్ వెలువడెను. తమ సోదరులను హరించిన వ్యాధికి ఫోలికామ్లమును, ఆరియోమైసిన్ వర్గపు మందులును ఔషధములైనవి. వీరి బృందమువారి అమినోప్టెరిన్‌తో ఫార్బరు వైద్యుడు రక్తపు క్యాన్సరుగల బిడ్డలకు తాత్కాలికోపశమనము కలిగించి, 1948లో ప్రకటించెను. తజ్జాతీయమగు మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది.

1948వ సంవత్సరము ఆగస్టులో, ఏబదిమూడేండ్ల ప్రాయమున, స్వదేశమునకు మరలి రాకయే న్యూయార్కునందు వీరు పరమపదించిరి. 1995లో భారత ప్రభుత్వమువారు వీరి పేర తపాలాబిళ్ళను వెలువరించిరి.

రెండుమాఱులు పరీక్ష తప్పిన బాలునియందు ఎట్టి శక్తి దాగియున్నదో ఎవ్వ రెఱుంగుదురు? నెక్కొండ స్టేషనులో రైలెక్కి చదువునకై పోవు పేదబిడ్డల యెడ విసుగు చెందక, కులగోత్రముల నడుగక, యథాశక్తి తోడ్పడుడని పోషకమహాశయులను వేడుచు విరమించుచున్నాము.