ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్

ఇగ్నాజ్ ఫిలిప్ సెమ్మెల్‌వైస్ (జూలై 1, 1818 - ఆగష్టు 13, 1865) హంగేరీ దేశానికి చెందిన ప్రసూతి వైద్యుడు. శవపరీక్ష గది నుండి వైద్యుల చేతులకు అంటుకొని వచ్చే పదార్థమే బాలింతల మరణాలకు ముఖ్య కారణమని 1847లో వియన్నా నగరంలో గుర్తించి, క్లోరిన్ ద్రావణంతో చేతులు కడుక్కొనే నియమాన్ని ఆస్పత్రిలో ప్రవేశపెట్టాడు. రోగాలకు సూక్ష్మజీవులు కారణమన్న సిద్ధాంతం అప్పటికింకా స్థిరపడలేదు. సూతికా జ్వరము (వాడుకలో బాలింత జ్వరము) వలన సంభవించే మరణాలు ఈ నియమంతో బాగా తగ్గినా, సమకాలిక వైద్యులలో అధికులు ఇతని మాటను అంగీకరించలేదు.

బాల్యము, విద్యాభ్యాసము

సెమ్మెల్‌వైస్ బుడా నగరంలోని తాబాన్ అనే పేటలో జన్మించాడు. అప్పట్లో బుడా, డాన్యూబ్ నదికి ఆవలి ఒడ్డున ఉన్న పెస్ట్ వేర్వేరు నగరాలు; 1873లో ఇవి ఓబుడాతో కలిసి బుడాపెస్ట్ అయినవి. తండ్రి యోజెఫ్ పచారీ సరుకుల వర్తకుడు, కలిగినవాడు. తల్లి పేరు తెరేజియా. పదిమంది సంతానంలో ఇతడు ఐదవవాడు.

1837లో న్యాయశాస్త్రం చదవడానికి వియన్నా వెళ్ళి, మరుసటి సంవత్సరమే వైద్యశాస్త్రానికి మారాడు. 1844లో వైద్య పట్టా పొందాడు. కోరుకొన్న అంతర్వైద్య విభాగంలో స్థానం దొరకకపోవడంతో ప్రసూతి శాస్త్రాన్ని ఎంచుకొన్నాడు. ఆ కాలంలో వియన్నా వైద్యవిద్యకు పెట్టింది పేరు. శవపరీక్షల ద్వారా రోగకారణాన్ని వెదికే పద్ధతికి కార్ల్ రోకితాన్‌స్కీ, రోగ నిర్ధారణకు జోసెఫ్ స్కోడా, చర్మవ్యాధులకు ఫెర్డినాండ్ హెబ్రా ప్రసిద్ధులు. ముగ్గురూ సెమ్మెల్‌వైస్‌ను ఆదరించారు. కారణాలను ఒక్కొక్కటిగా పరిశీలించి, నిలువని వాటిని తోసివేసే తర్కపద్ధతిని ఇతడు స్కోడా వద్ద అలవరచుకొన్నాడు.

రెండు విభాగాలు

1846 జూలైలో సెమ్మెల్‌వైస్ వియన్నా జనరల్ ఆస్పత్రిలోని మొదటి ప్రసూతి విభాగంలో ప్రొఫెసర్ యోహాన్ క్లైన్‌కు సహాయకుడుగా చేరాడు. అక్కడ రెండు ప్రసూతి విభాగాలు ఉండేవి. ఉచితంగా కాన్పు జరుగుతుంది కనుక నిరుపేద స్త్రీలు, పెళ్ళికాకుండా గర్భవతులైనవారు ఎక్కువగా వచ్చేవారు. అందుకు బదులుగా వారు విద్యార్థుల శిక్షణకు అంగీకరించాలి. 1840 తరువాత మొదటి విభాగాన్ని వైద్యవిద్యార్థులకు, రెండవదాన్ని మంత్రసానుల శిక్షణకు కేటాయించారు. ఏ రోజు ఏ విభాగంలో చేర్చుకోవాలో వంతుల ప్రకారం నిర్ణయించేవారు.

1841 నుండి 1846 వరకు మొదటి విభాగంలో 20,042 కాన్పులు జరుగగా 1,989 మంది బాలింతలు మరణించారు. అనగా నూటికి దాదాపు పదిమంది. అదే కాలంలో రెండవ విభాగంలో 17,791 కాన్పులకు 691 మరణాలు. నూటికి నలుగురు కూడా లేరు. ఈ సంగతి నగరమంతా తెలుసు. మొదటి విభాగం వంతు వచ్చిన రోజున గర్భిణులు తమను అక్కడ చేర్చవద్దని మోకరిల్లి వేడుకొనేవారు. దారిలోనే ప్రసవించి తరువాత ఆస్పత్రికి చేరిన స్త్రీలలో కూడా ఈ జ్వరం తక్కువగా కనబడేది. వైద్యుల సహాయం పొందినవారి కంటే వీధిలో కన్నవారే క్షేమంగా ఉండడం సెమ్మెల్‌వైస్‌ను తీవ్రంగా కలవరపరచింది.

గాలిలోని చెడు ప్రభావాలే ఈ జ్వరానికి కారణమని అప్పటి వైద్యులు నమ్మేవారు. గాలి రెండు విభాగాలకూ ఒక్కటే. జన సమ్మర్దం కారణమనుకొంటే, భయం వలన అందరూ కోరుకొనే రెండవ విభాగమే ఎక్కువ క్రిక్కిరిసి ఉండేది. మరణించబోయేవారికి అంత్య సంస్కారం చేయడానికి వచ్చే మతగురువు గంట మ్రోగిస్తూ మొదటి విభాగపు వార్డుల గుండా నడవడం వలన బాలింతలు జడుసుకొంటున్నారని మరొక ఊహ. అతని దారి మార్పించి, గంట మాన్పించి చూశారు. రెండవ విభాగంలో వలె ప్రక్కకు పడుకోబెట్టి కాన్పు చేయడం కూడా జరిగింది. మరణాలు తగ్గలేదు.

కొలెచ్కా మరణము

1847 మార్చి నెలలో సెమ్మెల్‌వైస్ వెనిస్ యాత్రలో ఉండగా, అతని మిత్రుడు, న్యాయవైద్య ఆచార్యుడు యాకొబ్ కొలెచ్కా మరణించాడు. శవపరీక్ష చేయిస్తుండగా ఒక విద్యార్థి చేతిలోని కత్తి అతని వేలికి గుచ్చుకొంది. యాత్ర నుండి వచ్చిన సెమ్మెల్‌వైస్ మిత్రుని శవపరీక్ష నివేదిక చదివాడు. అందులోని లక్షణాలు సూతికా జ్వరంతో మరణించిన స్త్రీల దేహాలలో తాను ప్రతిదినం చూస్తున్నవే. కొలెచ్కాను చంపినది కత్తికి అంటిన శవపదార్థమైతే, బాలింతలను చంపుతున్నదీ అదే కావాలి. అది వారిని చేరే మార్గం ఏది అన్నదే ప్రశ్న.

సమాధానం దినచర్యలోనే ఉంది. వైద్యులు, విద్యార్థులు ఉదయం శవపరీక్షలు ముగించి నేరుగా ప్రసూతి వార్డుకు వచ్చి గర్భిణులను పరీక్షించేవారు. మంత్రసానుల శిక్షణలో శవపరీక్షలు లేవు. క్లైన్‌కు ముందు ఆ విభాగాన్ని నడిపిన బోయెర్ శవాలపై ప్రసూతి పాఠాలు చెప్పడానికి ఇష్టపడలేదు. అతని కాలంలో మరణాలు తక్కువ. శాస్త్రీయమని పేరుపడిన శవపరీక్షల పద్ధతి వెంటనే ఈ విపత్తు కూడా వచ్చిందన్నమాట. కారణం వెదకాలనే పట్టుదలతో అందరికంటే ఎక్కువ శవపరీక్షలు చేసినది సెమ్మెల్‌వైసే. కనుక తన చేతుల మీదుగా ఎందరో ప్రాణాలు పోయాయని అతడు దాచకుండా తన గ్రంథంలో ఒప్పుకొన్నాడు. ఇతర వైద్యులు ఇదే ఒప్పుకోలు చేయలేకపోయారు.

క్లోరిన్ ద్రావణము

సబ్బుతో కడిగినా చేతులకు శవాల వాసన పోయేది కాదు. వాసన మిగిలితే పదార్థం కూడా మిగిలినట్లేనని భావించి, ఆ వాసనను పోగొట్టే క్లోరిన్ ద్రావణాన్ని సెమ్మెల్‌వైస్ ఎంచుకొన్నాడు. ఖర్చు ఎక్కువ కావడంతో తరువాత చవకైన క్లోరినేటెడ్ లైమ్ వాడాడు. మన గ్రామాలలో బావి నీటిలో కలిపే బ్లీచింగ్ పౌడరు ఇదే. 1847 మే మధ్యలో ఈ నియమం అమలులోకి వచ్చింది.

ఏప్రిల్‌లో మొదటి విభాగంలో 312 కాన్పులకు 57 మంది మరణించారు. జూన్‌లో 268 కాన్పులకు ఆరుగురు, జూలైలో 250 కాన్పులకు ముగ్గురు. అక్టోబరులో ఒక ఎదురుదెబ్బ తగిలింది. గర్భాశయ క్యాన్సర్ ఉన్న ఒక స్త్రీని పరీక్షించిన తరువాత, ఆ వరుసలోని పన్నెండుమందిని వైద్యులు సబ్బుతో మాత్రమే చేతులు కడుక్కొని పరీక్షించారు. వారిలో పదకొండుమంది మరణించారు. శవమే కాదు, బ్రతికున్న రోగి శరీరంలోని కుళ్ళు కూడా ప్రమాదకరమని దీనివలన తేలింది. అప్పటినుండి ప్రతి రోగికీ నడుమ చేతులు కడుక్కోవాలని నియమం కఠినతరమైంది. 1848 మార్చి, ఆగష్టు నెలలలో ఒక్క బాలింత కూడా మరణించలేదు. ఆ సంవత్సరం మొత్తం మీద 3,556 కాన్పులకు 45 మరణాలు. మొదటి విభాగం రెండవ విభాగంతో సమానమైంది.

వ్యతిరేకత

ఇంత స్పష్టమైన లెక్కలు ఉండగా వైద్యలోకం ఎందుకు నమ్మలేదన్నది ఆలోచించదగిన విషయం. ఒక రోగానికి ఒకే మూలకారణం ఉంటుందన్న వాదం ఆనాటి వైద్య భావనలకు విరుద్ధం. శవపదార్థంలో హాని చేసేది ఏమిటో సెమ్మెల్‌వైస్ చూపలేకపోయాడు. అతని వాదాన్ని అంగీకరిస్తే ప్రతి ప్రసూతి వైద్యుడూ తన రోగుల మరణాలకు బాధ్యుడవుతాడు. కీల్ నగరపు ఆచార్యుడు గుస్తావ్ మిఖాయెలిస్ క్లోరిన్‌తో చేతులు కడిగే పద్ధతిని పాటించి ఫలితం కళ్ళారా చూశాడు. తాను కాన్పు చేసిన ఒక బంధువు అంతకుముందే ఈ జ్వరంతో మరణించింది. ఆ బాధ భరించలేక 1848లో ఆత్మహత్య చేసుకొన్నాడు.

తప్పు పూర్తిగా ఎదుటివారిదే అనడం కూడా సరికాదు. రాయడమంటే సెమ్మెల్‌వైస్‌కు మొదటినుండీ విముఖత. ఈ ఆవిష్కరణను మొదట ప్రకటించినది హెబ్రా, తరువాత సమర్థించినది స్కోడా. శవాల ప్రస్తావనే ప్రచారంలోకి వచ్చి, బ్రతికున్నవారి నుండి కూడా రోగం సోకుతుందన్న సగం మరుగున పడిపోయింది. ఇతడు స్వయంగా వియన్నా వైద్యుల సంఘంలో ప్రసంగించినది 1850లో. అప్పటికే, 1849 మార్చిలో, సహాయకుని పదవీకాలం ముగిసింది, దానిని పొడిగించలేదు. 1850 అక్టోబరులో బోధనకు అనుమతి వచ్చింది కాని, బొమ్మలపై మాత్రమే ప్రసూతి నేర్పాలన్న షరతు ఉంది. మిత్రులకు కూడా చెప్పకుండా కొద్ది రోజులలోనే వియన్నా విడిచి స్వదేశం వెళ్ళిపోయాడు. అండగా నిలిచినవారికి ఇది మనస్తాపం కలిగించింది.

పెస్ట్ నగరంలో

1851లో పెస్ట్‌లోని సెయింట్ రోఖుస్ ఆస్పత్రి ప్రసూతి వార్డుకు జీతం లేని గౌరవ వైద్యుడయ్యాడు. 1851-1855 మధ్య అక్కడ 933 కాన్పులకు సూతికా జ్వరంతో మరణించినవారు ఎనిమిదిమంది మాత్రమే. 1855లో పెస్ట్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. చేతులతో పాటు పనిముట్లు, పడకగుడ్డలు కూడా శుభ్రంగా ఉండాలని అక్కడ పట్టుబట్టాడు. 1857లో మరియా వైడెన్‌హోఫర్‌ను వివాహమాడాడు. వీరికి ఐదుగురు పిల్లలు. ఇద్దరు శైశవంలోనే మరణించారు.

సూతికా జ్వరపు కారణము, స్వభావము, నివారణలను గురించి ఇతడు జర్మన్ భాషలో రచించిన గ్రంథం 1861 సంవత్సరపు ముద్రణగా వెలువడింది. ఆవిష్కరణకు, ఈ పుస్తకానికి మధ్య పదమూడేళ్ళు గడిచాయి. పట్టికలు బలంగా ఉన్నా, పాత వివాదాల పునరుక్తితో పుస్తకం చదవడం కష్టం. విమర్శలు రాగానే స్పేట్, స్కాంజోనీ, సీబోల్డ్ అనే ఆచార్యులకు బహిరంగ లేఖలు రాసి, వారిని హంతకులని నిందించాడు. ఈ లేఖల వలన ఉన్న మిత్రులు కూడా దూరమయ్యారు.

అంతిమ దినాలు

1865 నాటికి ప్రవర్తన బాగా మారిపోయింది. దీనికి కారణమైన వ్యాధి ఏదన్న విషయంలో చరిత్రకారులలో ఏకాభిప్రాయం లేదు. ఆ జూలై చివర కుటుంబం అతన్ని వియన్నాకు తీసుకొనివెళ్ళగా, కొత్త చికిత్సాలయం చూద్దామనే నెపంతో హెబ్రా అతన్ని మానసిక చికిత్సాలయానికి చేర్చాడు. విషయం గ్రహించి బయటపడబోగా కాపలావారు పట్టి బంధించారు, గాయపరచారు. రెండు వారాలకు, ఆగష్టు 13న, 47వ ఏట మరణించాడు. కుడిచేతి గాయం చీముపట్టి రక్తం విషపూరితం కావడం మరణకారణం. కొలెచ్కాను, బాలింతలను బలిగొన్నది కూడా ఇటువంటి స్థితియే.

మరణానంతరము

1867లో జోసెఫ్ లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంతో శస్త్రచికిత్స గాయాలను రక్షించే పద్ధతిని ప్రకటించాడు. 1879లో లూయీ పాశ్చర్ సూతికా జ్వర రోగులలో గొలుసుల ఆకారంలో ఉండే సూక్ష్మజీవులను చూపించాడు. వీటినే స్ట్రెప్టోకాకస్ అంటారు. సెమ్మెల్‌వైస్ కంటే ముందే స్కాట్లాండులో అలెగ్జాండర్ గోర్డన్ (1795), అమెరికాలో ఆలివర్ వెండెల్ హోమ్స్ (1843) ఈ జ్వరం వైద్యుల ద్వారా, మంత్రసానుల ద్వారా వ్యాపిస్తుందని రాశారు. అయితే నివారణను ఒక పెద్ద ఆస్పత్రిలో అమలుపరచి, నెలనెలా లెక్కలతో నిరూపించిన ఖ్యాతి సెమ్మెల్‌వైస్‌ది.

బుడాపెస్ట్‌లోని వైద్య విశ్వవిద్యాలయానికి 1969లో ఇతని పేరు పెట్టారు. ఈ ఆవిష్కరణకు సంబంధించిన పత్రాలను యునెస్కో 2013లో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. వియన్నాలో ఖననం చేసిన అవశేషాలను 1891లో బుడాపెస్ట్‌కు, 1964లో తాబాన్‌లోని జన్మగృహపు ఆవరణకు తరలించారు. ఆ ఇల్లు వైద్యచరిత్ర ప్రదర్శనశాలగా మారింది.